కుంచె మొన

ఆదివారం సాయంత్రం. బయట జల్లు పడుతోంది. లోపల బల్ల చుట్టూ ముగ్గురున్నారు: బట్టలు కుట్టే అక్క, ఆమె తమ్ముడు, మరదలు. వాళ్ళాడేది పాచికలతో, మాటలతో సాగే కథల ఆట. వేలెడంత కూడా లేని సైనికుల బొమ్మల్ని బల్ల మీద నిలబెట్టి, ఎప్పుడో రాబోయే కాలంలో చుక్కల మధ్య యుద్ధం చేస్తున్నామనుకోవాలి. అలా అనుకుంటూ ఆకలి కూడా మర్చిపోతారు, అదేం చిత్రమో!

కథ నడిపేది తమ్ముడు. అక్కది కిరణాల తుపాకీ పట్టిన సైనికురాలి వేషం.

"కాల్చావుగా అక్కా, ఇక పాచిక వెయ్యి. ఆరు పడితే రేడియేషన్ నీ ఒంట్లోకే."

"ఇదెక్కడి న్యాయంరా? కాల్చిందీ నేనే, కాలేదీ నేనేనా?"

"కిరణాలకి తమవాళ్ళూ పైవాళ్ళూ ఉండరు."

"ఆటలో కూడా మనల్ని బతకనివ్వడు వదినా," అంది మరదలు.

అక్క నవ్వి కుంచె అందుకుంది. బొమ్మలకి రంగులేసేది ఆమే. తుపాకీ కొసలు చీకట్లో వెలగాలని, ఎప్పుడో మూతపడ్డ గడియారాల కార్ఖానా సామాన్లలోంచి ఒక చిన్న రేడియం రంగు సీసా కొనుక్కొచ్చింది. ఒకప్పుడు అక్కడి ఆడవాళ్ళు కుంచెలతో గడియారాల అంకెలకి అద్దిన రంగది. సూదిలో దారం ఎక్కించే ముందు కొసని పెదాలతో తడిపే అలవాటు ఆమెది. కుంచెనీ అలాగే పెదాల మధ్య పెట్టి మొన చేసేది.

"ఇది నోట్లోకి పోతే ఏమన్నా అవుతుందంటావా?"

"ఏం కాదులే," అన్నాడు తమ్ముడు, తలెత్తకుండానే.

రంగు అద్దడం, పెదాల మధ్య పెట్టడం. అద్దడం, పెట్టడం...

కరెంటు పోయింది.

బొమ్మల చేతుల్లో తుపాకులు ఆకుపచ్చగా వెలిగాయి. "భలే!" అన్నాడు తమ్ముడు. మరదలు మాత్రం అక్కనే చూస్తోంది.

"వదినా... నీ నోరు..."

అక్క కిటికీ అద్దంలో చూసుకుంది. పెదాలు, పళ్ళు, చిగుళ్ళు... అన్నీ పచ్చగా ఉన్నాయి. తుడుచుకుంది. పోలేదు. వేళ్ళు కూడా వెలిగాయి.

అప్పుడొచ్చింది వాసన. చిలుము పట్టిన ఇత్తడి, పాత జిగురు. ఆ వెంటే టిక్, టిక్... వందల గడియారాలు. ఆ ఇంట్లో ఒక్కటీ లేదు.

అద్దంలో ఆమె వెనక ఇంకో నోరు వెలిగింది. పక్కన మరొకటి. మరొకటి... ముఖాల్లేవు. నోళ్ళే. కొన్నింటికి కింది దవడ లేదు.

"మొన చెయ్యమ్మా..." ఆడగొంతు, గుసగుసగా. "రంగు అంకె గీత దాటకూడదు..."

కుంచె తనంతట తానే లేచింది. చల్లగా ఆమె పెదాలకి ఆనింది. నెట్టింది...

అక్క పళ్ళు బిగించింది. భయం కంటే ముందు కోపం లేచింది. కుంచెని గుప్పిట పట్టి పక్కకి లాగింది.

"చెయ్యను! నోటితో చెయ్యమని మీకెవరు చెప్పారు?"

టిక్కుటిక్కులు ఆగాయి.

"కార్ఖానా మేస్త్రి... ఏం కాదన్నాడు..."

"వాడెప్పుడన్నా నోట్లో పెట్టుకున్నాడా?"

నోళ్ళు ఇంకాస్త దగ్గరికొచ్చాయి.

"మరి నా మీదకొస్తారేం? నా నోరు నాది. ఏం కాదన్నవాడి నోట్లో పెట్టండి పోయి!"

పచ్చటి నోళ్ళు ఒకదాని వైపు ఒకటి తిరిగాయి. గుప్పిట్లోంచి కుంచె మెల్లగా జారిపోయింది. బల్ల దాటి... తమ్ముడి వైపు...

తనేమన్నదో అప్పుడర్థమైంది అక్కకి.

"వద్దు! వాణ్ణి కాదు!"

కరెంటు వచ్చింది. నోళ్ళు లేవు, కుంచె లేదు. వాసన లేదు. తమ్ముడు పెదాలు బిగించుకుని కూర్చున్నాడు. కళ్ళలో నీళ్ళు.

"నోరు తెరువురా."

తల అడ్డంగా ఊపాడు. మరదలు అతని భుజం పట్టుకుని కుదిపింది. తెరవలేదు.

వాళ్ళు చీకట్లోనే వస్తారని అక్క వెళ్ళి తనే దీపం ఆర్పింది. తమ్ముడి ముందు చేతులు చాచి నిలబడింది.

"వీడు మీ మేస్త్రి కాదు, నా తమ్ముడు. తెలియక అన్నాడు. వీణ్ణివ్వను. ఎంతమంది వస్తారో రండి!"

ఎవరూ రాలేదు. చీకట్లో జల్లు చప్పుడు ఒక్కటే.

అక్క కదల్లేదు. ఆమె వెనక, మూసి ఉన్న తమ్ముడి నోట్లోంచి, సన్నగా... టిక్... టిక్...