చప్పుడు వినపడని చోటు

హెస్సెల్ పరుగు ముగించుకుని వచ్చేసరికి రిన్స్కే వంటింటి గచ్చు మీద పాత పేపర్లు పరిచి ఉంచింది. మూడేళ్లుగా ఆమె పొద్దుటి పనుల్లో అదొకటి. తడి బూట్లు పేపర్ల మీదికి, తడి మేజోళ్లు బకెట్లోకి, తడి మనిషి స్నానానికి. వాన పడనీ, సముద్రపు గాలి మనిషిని పక్కకు నెట్టనీ, హార్లింగెన్ ఊరి కరకట్ట మీద ఆ మహానుభావుడి పరుగు మాత్రం ఆగదు.

"పుట్టినరోజు పూట కూడానా?" అంది కాఫీ పోస్తూ. "ఇవాళొక్కరోజు కాళ్లకు సెలవిస్తే నీ సొమ్మేం పోయింది?"

"అవి అడగలేదుగా."

"అడగవు. నీ కాళ్లూ మాట్లాడవు, నువ్వూ మాట్లాడవు. ఈ ఇంట్లో వాగుడుకాయను నేనొక్కదాన్నే."

హెస్సెల్ నవ్వేసి రొట్టె మీద వెన్న రాసి, పైన చాక్లెట్ పలుకులు చల్లుకున్నాడు. అరవై దాటినా ఆ చిన్నపిల్లల తిండి మానలేదు. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర అతను మింగేదాకా రిన్స్కే కదలకుండా నిలబడింది. ఆ తర్వాతే కూర్చుంది. కూర్చోగానే ఒళ్లంతా బరువెక్కింది. వృద్ధాశ్రమం వంటింట్లో పని ఒకెత్తు, ఈ మనిషిని కాపలా కాయడం ఒకెత్తు.

హెస్సెల్ దీవులకు తిరిగే ఓడల్లో ఇంజను మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు. మూడేళ్ల కిందట గుండె ఆపరేషన్ చేసి, పాడైన వాల్వు తీసేసి, కొత్తది అమర్చారు. అది తెరుచుకుని మూసుకున్నప్పుడల్లా చేతి గడియారంలా టిక్కుటిక్కుమంటుంది. పక్కన కూర్చుంటే వినపడుతుంది. రిన్స్కేకు ఆ చప్పుడే ప్రాణం. రాత్రి అది చెవిన పడితే గానీ కన్ను మూతపడదు. మధ్యలో మెలకువ వస్తే ముందు అది ఉందో లేదో విని, ఆ తర్వాతే ఊపిరి పీల్చుకుంటుంది. అతను పరుగుకు వెళ్లినప్పుడు మాత్రం ఏదీ వినపడదు. తలుపు చప్పుడయ్యేదాకా ఆమె చేతులు పని చేస్తుంటాయి, మనసు కరకట్ట మీద తిరుగుతుంటుంది.

మధ్యాహ్నానికి హాల్లో కుర్చీలన్నీ గుండ్రంగా వేశారు. వచ్చిన వాళ్లు అక్కడి ఆచారం ప్రకారం హెస్సెల్‌తో పాటు రిన్స్కేతో కూడా చెయ్యి కలిపి శుభాకాంక్షలు చెప్పి, తలా ఒక కేకు ముక్క పట్టుకుని కూర్చున్నారు. హెస్సెల్ అక్క టెట్ ఎప్పటిలాగే కిటికీ పక్క కుర్చీ పట్టేసింది. గ్రోనింగెన్ నుంచి వచ్చిన కూతురు మరిట్ తండ్రి చేతిలో ఒక పొట్లం పెట్టింది. విప్పితే లోపల నారింజ రంగు బనియను. వీపు మీద పెద్ద అక్షరాలతో హెస్సెల్ అని ఉంది.

"అక్టోబరులో మారథాన్ నాన్నా! నీ పేరు ఇచ్చేశాను. డాక్టరమ్మ కూడా సరేనంది కదా, నెమ్మదిగా పరిగెత్తితే పర్లేదని."

అందరూ చప్పట్లు కొట్టారు. రిన్స్కే కేకు కోసే చాకు పళ్లెంలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ వెనకే తండ్రీకూతుళ్లిద్దరూ వచ్చారు.

"నాకో మాట చెప్పాలనిపించలేదా?" అంది రిన్స్కే, కూతురి వైపు తిరక్కుండానే.

"పరిగెత్తేది నాన్న కదమ్మా."

"అవునమ్మా, పరిగెత్తేది నాన్నే. ఆ బట్టలు ఉతికేది నేను. బూట్లు ఆరబెట్టేది నేను. ఆలస్యమైతే కిటికీ దగ్గర నిలబడి చచ్చేది నేను. నువ్వు గ్రోనింగెన్‌లో కూర్చుని బనియన్లు కొనిస్తావు."

"అమ్మా, ఆయన రోగి కాదు. నువ్వే రోగిని చేసి కూర్చోబెడుతున్నావు!"

"మరిట్!" అన్నాడు హెస్సెల్.

"అననీ. అనుకుంటున్నదే అంది." రిన్స్కే అప్పుడు వాళ్ల వైపు తిరిగింది. "విసిగిపోయాను హెస్సెల్. మూడేళ్లుగా రాత్రీ పగలూ నీ గుండె వింటూ బతుకుతున్నాను. అది ఆగితే నాకు తెలియాలి. మధ్యలో ఏ చప్పుడూ అడ్డు రాకూడదని మా అమ్మ ఇచ్చిన గోడ గడియారం కూడా ఆపేశాను. నువ్వేమో నాకు వినపడనంత దూరం పారిపోతావు. ఇప్పుడు మారథానా?"

హెస్సెల్ కుర్చీ లాక్కుని మెల్లగా కూర్చున్నాడు. అతని ముఖంలో రంగు మారింది.

"గడియారం ఆపింది నువ్వు వినడానికా?"

"మరెందుకనుకున్నావు?"

"నాకోసం అనుకున్నాను. లోపల ఒక టిక్కుటిక్కు చాలదా, గోడ మీద ఇంకొకటి ఎందుకని జాలిపడి ఆపావనుకున్నాను. అందుకే ఇన్నాళ్లూ నోరు విప్పలేదు." అతను అరచేతులతో ముఖం రుద్దుకున్నాడు. "అది తిరిగినన్నాళ్లూ నా చప్పుడు దాంట్లో కలిసిపోయేది రిన్స్కే. నువ్వు ఆపాక ఇల్లంతా నా గుండే. భోజనం దగ్గర అదే, మంచం మీద అదే."

రిన్స్కే తానూ ఒక కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఓడలో నా పనేంటి? ఇంజను వినడం. చప్పుడులో వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టుకోవాలి. ఆ చెవి నా మాట వినదు. ఇప్పుడు నాలోనే ఒక ఇంజను పెట్టారు. ఈ టిక్కు కాస్త తొందరపడిందా, ఆ టిక్కు కాస్త తడబడిందా అని ఇరవై నాలుగు గంటలూ డ్యూటీలోనే ఉంటాను. కరకట్ట మీద గాలి హోరు, నా ఊపిరి, బూట్ల చప్పుడు. అక్కడ ఒక్కచోటే నాకది వినపడదు. నేను పారిపోతున్నది నీ నుంచి కాదు."

మరిట్ గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఆ నిశ్శబ్దంలో టిక్కుటిక్కు ముగ్గురికీ వినపడుతూనే ఉంది. రిన్స్కే మొదటిసారి ఆ చప్పుడును అతని చెవులతో విన్నది. తనకు జోలపాటలా అనిపించేది ఈ మనిషిని ఇన్నాళ్లూ ఇలా తరుముతోందా? కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి.

"నోరు తెరిచి చెప్పొచ్చుగా, మొద్దు మనిషీ!" అంది ఏడుస్తూనే. "ఒకే చప్పుడుకు ఇద్దరం కాపలా. చెరో మూల కూర్చుని."

"వద్దంటే మానేస్తాను. నిజంగా చెబుతున్నా."

"వద్దని ఎప్పుడన్నాను? భయమన్నాను. రెండూ ఒకటేనా?"

అప్పుడే టెట్ ఖాళీ కప్పుతో గుమ్మంలోకి వచ్చింది. "ఏడుపులయ్యాక ఎవరైనా కాస్త కాఫీ పోస్తారా? లేక నన్నే పెట్టుకోమంటారా?"

"వస్తున్నా వదినా," అని రిన్స్కే చేతి వెనకవైపుతో కళ్లు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆమె స్టూలు ఎక్కి గడియారానికి మళ్లీ కీ ఇచ్చింది. ఇల్లంతా దాని చప్పుడుతో నిండింది. నాలుగు రోజులు తిరిగేసరికి హెస్సెల్ ముఖం తేటపడింది. మంచం ఎక్కిన కాసేపటికే నిద్రలోకి జారేవాడు. ఇక నిద్ర లేనిది రిన్స్కేకే. ఎంత చెవి రిక్కించినా గోడ మీది చప్పుడే తప్ప పక్కనున్నది దొరకదు. ఒకటి రెండుసార్లు గడియారం ఆపేద్దామని లేచి కూర్చుంది. ప్రశాంతంగా నిద్రపోతున్న ఆ ముఖం చూసి మళ్లీ పడుకుంది. పని దగ్గర బంగాళాదుంపలు చెక్కుతూ కూర్చున్నచోటే తూగేది. ఈ సంగతి మొగుడికి చెప్పలేదు. మొద్దు మనిషివని అతన్ని తిట్టిన నోటితోనే తానూ దాచింది.

అక్టోబరు వచ్చింది. మారథాన్ రోజు పొద్దున్నే ముగ్గురూ కారులో పరుగు జరిగే ఊరు చేరారు. హెస్సెల్ నారింజ బనియను తొడుక్కుని, బయలుదేరే చోట గుంపులో కలిసిపోయాడు. మరిట్ సైకిలు మీద దారి పొడవునా కలుస్తానంది.

"నువ్వు ముగింపు దగ్గర ఉండమ్మా. నాన్న దగ్గరికి రాగానే ఫోన్ చేస్తాను. గీత దాటేటప్పుడు నువ్వు కనపడాలి ఆయనకు."

"ఉంటానే. ఎక్కడికి పోతాను?"

కాసేపు జనంలో నిలబడింది. కాళ్లు పీకుతుంటే, ఫోన్ వచ్చేదాకా కూర్చుందామని దగ్గర్లోనే ఆపి ఉన్న కారులోకి వెళ్లింది. తలుపు వేసుకోగానే బయటి గోల సన్నగిల్లింది. ఫ్లాస్కులోంచి బఠాణీ సూపు పోసుకుని రెండు గుక్కలు తాగింది. హెస్సెల్ ఎక్కడో గాలిలో పరిగెత్తుతున్నాడు. అతనికిప్పుడు అది వినపడటం లేదు, హాయిగా ఉండి ఉంటాడు అనుకుంది. అనుకోగానే తనకూ భుజాలు వదులయ్యాయి. సీటుకు తల ఆనించింది.

ఎవరో అద్దం మీద కొడుతుంటే ఉలిక్కిపడి లేచింది. బయట హెస్సెల్, వెండి రేకులాంటి దుప్పటి కప్పుకుని, మెడలో పతకంతో. పక్కన మరిట్, కోపంతో ముఖం ఎర్రగా చేసుకుని.

"అమ్మా! ఎన్నిసార్లు ఫోన్ చేశానో తెలుసా? నాన్న గీత దాటి, నీకోసం గుంపంతా వెతుక్కుని వచ్చాడు!"

రిన్స్కే గబగబా తలుపు తీసి, "హెస్సెల్... కాసేపు కూర్చుందామనుకున్నానంతే... ఎప్పుడు పట్టిందో..." అంది.

హెస్సెల్ మూలుగుతూ వెనక సీట్లోకి జరిగి, ఆమెను కూడా వెనక్కి రమ్మన్నాడు. "చివర్లో లేని ఓపిక తెచ్చుకుని నవ్వుతూ వచ్చాను తెలుసా, నువ్వు చూస్తున్నావని! నువ్వేననుకుని ఎవరో ముసలావిడను చూసి నవ్వాను." ఆగి, ఆమె ముఖంలోకి చూశాడు. "నిజంగా నిద్రపోయావా? నేను పక్కన లేకుండా?"

"పోయాను."

"భయం వేయలేదా?"

"వేయలేదు," అంది రిన్స్కే. ఆ మాటకు ఆమే ఆశ్చర్యపోయింది. "నీ గుండె గుర్తే రాలేదు హెస్సెల్. పట్టపగలు, నడిబజారులో, మొద్దులా నిద్రపోయాను."

అతని చెమట ఆరి ఉప్పు మెరుస్తున్న చెంపల మీద కన్నీళ్లు జారాయి. పతకం తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. రిన్స్కే దాన్ని పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏమైంది మీకు?" అంది మరిట్, స్టీరింగు ముందు కూర్చుంటూ. "నాన్న ఇంత దూరం పరిగెత్తి గీత దాటితే అమ్మ చూడనే లేదు. దానికి మీరిద్దరూ సంతోషంగా ఏడుస్తున్నారా?"

"నువ్వు మెల్లగా పోనివ్వు తల్లీ," అన్నాడు హెస్సెల్. "కుదుపులు రానీయకు."

రిన్స్కే అతని భుజం మీద తల పెట్టుకుంది. కారు ఊరు దాటకముందే మళ్లీ నిద్రపోయింది.