పాత కాటా దగ్గర ‘ఊఁ’ అనొద్దు

పాత కాటా గది దగ్గర రాత్రిపూట ఎవరు పిలిచినా మొదటి పిలుపుకు పలకొద్దంటారు.

బోధన్ వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలేవాళ్లందరికీ ఈ మాట తెలుసు. అక్కడ కాటా మీద తూకానికి బండ్ల వరస రాత్రంతా నత్తనడక నడుస్తుంది. కునుకు తీసేవాణ్ణి వెనక బండివాడు లేపాలి, అది పద్ధతి. ఒక చలికాలం ఆ గది ముందే ఎడ్లబండి మీద తల వంచుకుని కూర్చున్న ముసలాయనను ఎవరూ లేపలేదు. పక్కనుంచి దాటుకుని పోయారు, పాపిష్టివాళ్లు. తెల్లారి చూస్తే ఆయన బిగుసుకుపోయి ఉన్నాడు. ఆయన చెరకు కాటా ఎక్కనే లేదు.

అప్పట్నుంచి ఆయనే అందరినీ లేపుతున్నాడని…

ముత్యం ఈ కథ విని నవ్వేవాడు. చందూర్ నుంచి చెన్నకేశవరావు ట్రాక్టరు తోలే అతనికి దెయ్యం కన్నా యజమాని అంటేనే దడ. ఎందుకంటే ముత్యం ఫోనులో ఒక ఆట ఉంది. ఒకప్పుడు కంప్యూటర్లలో ఆడిన ఆట అట, కంఠేశ్వర్‌లో ఫోన్ల దుకాణంవాడు ఎక్కించి ఇచ్చాడు. కత్తి పట్టిన వీరుడు నేలమాళిగలో గది తర్వాత గది దాటుతూ పోవాలి. దీపం దొరికిన చోటే ఆట సేవ్ అవుతుంది. ఆ ధ్యాసలో పడి ముత్యం ఒకసారి వరస తప్పాడు. చెరకు ఎండి తూకం పడిపోయింది.

“ఇంకోసారి వరస తప్పావంటే ట్రాక్టరు దిగి ఇంటికెళ్లిపో,” అన్నాడు చెన్నకేశవరావు.

ఆ రాత్రి చలి ఎముకలు కొరుకుతోంది. ముత్యం ట్రాక్టరు ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, గాలి తగలకుండా పాత కాటా గదిలో కూర్చున్నాడు. ఆట తెరిచాడు. ఎదురుగా రాక్షసపాము… సగం చచ్చింది… ఇంకో రెండు దెబ్బలు…

తలుపు మీద చిన్నగా తట్టిన చప్పుడు.

“అన్నా… లైను కదిలింది. నీ బండి నేన్ తోల్కపోవాల్నా?”

“ఊఁ… పో,” అన్నాడు ముత్యం, తల ఎత్తకుండానే.

బయట గొళ్లెం పడింది.

అప్పుడు తెలివి వచ్చింది. లేచి తలుపు తోశాడు. కదల్లేదు. భుజంతో గుద్దాడు, అరిచాడు. చెరకు క్రషర్ల హోరులో అతని గొంతు అతనికే వినపడలేదు. వరస పోతే కొలువు పోతుంది, ఈ గదిలోనే ఉంటే ప్రాణమే పోయేట్టుంది.

ఫోనులో బ్యాటరీ ఒక్క గీత. వెనక బండి పోశన్నకు ఫోన్ చెయ్యాలి. కానీ ఆట మూస్తే, దీపం దాకా పోలేదు కదా, అంతా మొదటికొస్తుంది… ఇంత భయంలోనూ ఆలోచించాడు చూడండి! అలవాటు అంటే అదీ.

చివరికి మూశాడు. రింగు ఒక్కటి పోయింది. ఫోను ఆరిపోయింది.

చీకటి. జేబు తడుముకున్నాడు. తాళంచెవి ఉంది. “చెవి నా దగ్గరుంటె బండెట్ల పోతది?” అని తనకు తనే ధైర్యం చెప్పుకున్నాడు.

అప్పుడు వినపడింది. ఇంజను కాదు… ఎడ్ల మెడ గంటలు. మెల్లగా, గది ముందునుంచి, కాటా వైపు…

తెల్లవారుజామున గొళ్లెం తీసింది పోశన్న.

“నువ్వీడున్నవేందిరా? రాత్రి నా ముందట్నే పోతివి గద!”

“నేనా?”

“తలకాయ వంచుకొని కూసున్నవ్. మళ్ల ఆ ఆటే ఆడుతున్నవనుకున్న. ఇంజను సప్పుడు సుత లేదు, దిగుడుల బందు వెట్టి డీజిల్ మిగిలిస్తున్నవనుకున్న.”

ముత్యం పరుగెత్తాడు. కాటా అవతల ట్రాక్టరు నిలబడి ఉంది. ట్రాలీ ఖాళీ. చెరకు తూకమైంది, వరస తప్పలేదు, కొలువు దక్కింది. ముత్యానికి ఊపిరి వచ్చింది. ఎక్కబోయి అక్కడే ఆగిపోయాడు.

స్టీరింగుకు అటొకటి, ఇటొకటి… మంచుకు తడిసిన ఎడ్ల పగ్గాలు కట్టి ఉన్నాయి.