రెండు పొట్టి, ఒక పొడుగు

ఆదివారం పగలు 10:40. గథోని టీచర్ చర్చిలో ఉంది. ఆమె ఇంట్లో టీవీ పోయింది. లాప్‌టాప్ పోయింది. పోయిన భర్త చేతి గడియారం కూడా పోయింది.

తాళం పగల్లేదు. గోడ ఎవరూ దూకలేదు. దొంగ గేటులోంచే దర్జాగా కారులో వచ్చాడు, 11:05కి దర్జాగా వెళ్ళాడు.

నైరోబీలో ఆ వీధి పేరు అమాని. అమానిలో మానులెక్కువ, మనుషుల అలికిడి తక్కువ. జకరండా పువ్వు రాలినా వినబడుతుంది. వీధికంతా ఒకటే గేటు. దానికి పంతొమ్మిదేళ్ళుగా ఒకడే కాపలా. అందరూ గౌరవంగా ‘మ్జే’ అని పిలిచే ముసలి ముస్యోకా.

ఇన్‌స్పెక్టర్ చెబెట్ ఒంటిగంటకి వచ్చింది. టీచర్ మెరూన్ కారు పక్కన జీపు ఆపి, నేరుగా గేటు దగ్గరికి నడిచింది.

“గేటు ఎవరికి తీశారు మ్జే?”

“టీచరమ్మకే.”

“ఆవిడ చర్చిలో ఉంది.”

“ఆవిడ హారనే మేడం. రెండు పొట్టి, ఒక పొడుగు. సారు బతికున్నప్పట్నుంచీ అదే. కాకపోతే బండికి గొంతు పట్టేసింది.”

“ఏ బండి?”

“ఆవిడ తెల్ల బండే.”

చెబెట్ నోట్ చేసుకుంది. ఎదురింటి పనమ్మాయి చూసింది మాత్రం బూడిద రంగు బండి.

“చూశారా?” అన్నాడు వీధి సంఘం చైర్మన్ బరాసా. వీధిలో టీవీ పోయినా ఆయన ఠీవి పోలేదు. “ముసలాడు రంగు మార్చి చెప్తున్నాడు. వాటా ఉంది. లోపలేయండి!”

సోమవారం మధ్యాహ్నానికి దొంగ దొరికాడు. ఒదెరో. రెండు నెలల కిందట టీచర్ పని మాన్పించిన డ్రైవర్. మారుతాళం, టీవీ, లాప్‌టాప్, గడియారం అతని గదిలోనే ఉన్నాయి.

“నా ఒక్కడిదేనా తప్పు? గేటు తీసింది ఆ మ్జేనే కదా!” అన్నాడు.

3:30. చెబెట్ జీపులో టీచర్‌నీ, చైర్మన్‌నీ, బేడీలతో ఒదెరోనీ ఎక్కించింది. అమాని గేటు ముందు ఆపింది. హారన్ మీద చెయ్యి వేసింది.

రెండు పొట్టి. ఒక పొడుగు.

గేటు బార్లా తెరుచుకుంది. ముస్యోకా టోపీ తీసి నవ్వాడు.

“రండి టీచరమ్మా! బడి అప్పుడే వదిలేశారా? ఆ బండిని మెకానిక్‌కి చూపించమన్నానా, గొంతు ఇంకా పాడైంది.”

ఎదురుగా నీలం పోలీసు జీపు. ముందు సీట్లో యూనిఫాం.

చైర్మన్ గొంతు సవరించుకున్నాడు. ఆ దగ్గు విని ముసలాయన నవ్వు ఆగిపోయింది.

చెబెట్ దిగింది. “బరాసా గారూ, టీచర్ కారు ఏ రంగు?”

“మెరూన్. పోయిన నెలే వేయించింది.”

“అదే మనం వదిలేసిన క్లూ. అబద్ధం చెప్పేవాడైతే మెరూన్ అనేవాడు. రోజుకి రెండుసార్లు ఆ బండికే గేటు తీస్తాడు. తెలుపన్నాడంటే కొత్త రంగు ఆయన చూడనేలేదు. ఆయన చెవులతో కాపలా కాస్తున్నాడు. ఆ సంగతి ఒదెరోకి తెలుసు. ఏ రంగు బండైనా ఆ హారన్‌కి గేటు తీస్తాడని తెలుసు.”

ఒదెరో తల వంచుకున్నాడు.

ముస్యోకా గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి చెబెట్ చెయ్యి వెతుక్కున్నాడు.

“మేడం, దొంగననే రాసుకోండి.”

“ఎందుకు?”

“జైలైతే ఆర్నెల్లు. తర్వాత ఎక్కడో ఓ గేటు దొరుకుద్ది. కళ్ళు లేవని రాస్తే ఎప్పటికీ దొరకదు.”

“ఎన్నాళ్ళైంది మ్జే?” టీచర్ జీపు దిగి అడిగింది.

“రెండేళ్ళమ్మా. మీ అందరి హారన్లూ నాకొచ్చు. చైర్మన్ గారిది ఒకటే, కోపంగా ఉంటది.”

ఒదెరో ఒక్కడే నవ్వబోయి మానుకున్నాడు.

చెబెట్ పెన్ను తెరిచింది. నిజమే రాసింది. ఆయన మీద కేసు లేదు.

ఉద్యోగం కూడా లేదు. అలాంటివాడు గేటు దగ్గర ఎలా ఉంటాడని చైర్మన్ అన్నాడు. తన ఇంటి వెనక గదిలో ఉండిపొమ్మని టీచర్ బతిమాలింది.

“గేటు లేకుండా నేనక్కడ ఏం చెయ్యనమ్మా?” అన్నాడు ముస్యోకా. ఆ సాయంత్రమే సొంతూరు కితుయికి బస్సెక్కాడు.

మంగళవారం 4:10కి గథోని టీచర్ బడి నుంచి వచ్చింది. చేతికి భర్త గడియారం ఉంది. అలవాటుగా హారన్ కొట్టింది.

రెండు పొట్టి. ఒక పొడుగు.

గేటు తెరుచుకోలేదు. కొత్త కాపలావాడు వచ్చి కారు చుట్టూ తిరిగాడు. రంగు చూశాడు. నంబరు రాసుకున్నాడు. అద్దం దించమని సైగ చేశాడు.

“ఎవరి కోసం వచ్చారు మేడం?”