సమహస్తం ఆపిన చుట్టు

తొమ్మిదో పరీక్ష కూడా సమంగానే తేలింది. మెస్సర్‌ష్మిట్ విమానం దిగుతూనే వకుళ తలకవచం గడ్డిలోకి విసిరికొట్టింది.

"పరాంకుశం గారూ, పొద్దున్నించీ మీరు పోలుస్తున్నది విమానాల్ని కాదు. ఈ దిక్కుమాలిన తొడుగుల్ని!"

దొనకొండ మైదానంలోని ఆ రెండు విమానాలూ నూట అరవై ఏళ్లనాటి నమూనాల ప్రకారం కొత్తగా కట్టినవి. పంకాతో ఎగిరిన ఆనాటి యుద్ధవిమానాల్లో స్పిట్‌ఫైర్ మేలా, మెస్సర్‌ష్మిట్ మేలా అన్న పాత తగువు తేల్చడం ఇంజనీరు పరాంకుశం పని. చాలకుల నేర్పులో తేడా లెక్క చెడగొట్టకూడదని ఇద్దరి చేతులకీ సమహస్తాలనే తొడుగులు వేయించాడు. కండరాలను నడిపే ఆ తొడుగు ఎవరి చేతికైనా ఒకే నేర్పు తెచ్చిపెడుతుంది. పాతికేళ్లుగా శస్త్రచికిత్సకీ అదే, బస్సు నడపడానికీ అదే. అది రాకముందు ఎగరడం నేర్చుకున్నవాళ్లలో ఇంకా ఎగురుతున్నది వకుళ ఒక్కతే.

"మలుపులో రెక్క అంచు పలకలు టపటపా తెరుచుకుంటాయి. అప్పుడే ఇంకా బిగించి తిప్పాలి. మీ తొడుగేమో బెదిరిపోయి నా చెయ్యి వెనక్కి లాగేస్తోంది. పైకెళ్లాక ఒక్క చుట్టు ఆపెయ్యండి. లేదంటే నేనింటికెళ్తా."

"ఆపితే మళ్లీ నేలకి దిగేదాకా పనిచెయ్యవు మేడం."

"దిగడం మాకు తెలీదా?"

స్పిట్‌ఫైర్ చాలకుడు ఇమ్మానుయేలు తన తొడుగుల పట్టీలు ఇంకాస్త బిగించుకున్నాడు.

మూడువేల మీటర్ల ఎత్తున తొడుగులు ఆగాయి. వకుళ బిగించి తిప్పింది. పలకలు టపటపలాడినా వదల్లేదు. అర చుట్టులోనే స్పిట్‌ఫైర్ తోక వెనక్కి చేరింది. చూశారా అనబోతుండగా, ఆ విమానం తిరగడమే లేదని, ఒక పక్కకు వాలిపోతోందని గమనించింది.

"ఇమ్మానుయేల్, ఏంటా ఆటలు?"

"అక్కా..." రేడియోలో ఇమ్మానుయేలు గొంతు. "నాకు రాదక్కా. తొడుగుతోనే నేర్చుకున్నా. అది లేకుండా ఎప్పుడూ ఎగర్లేదు."

వకుళ వేగం తగ్గించింది. విమానాన్ని అతని పక్కకు చేర్చింది.

"కర్ర గట్టిగా పట్టుకోకు. రెండు వేళ్లు చాలు. నా రెక్క చూస్తూ రా."

ఇరవై నిమిషాలు పట్టింది కిందికి రావడానికి.

"నీ విమానం ముక్కు పొడుగు, నేరుగా వస్తే నేల కనపడదు. ఒంపు తిరుగుతూ రా. ఇంజను తగ్గించు. ఇంకా. అబ్బా, తగ్గించమంటే!"

స్పిట్‌ఫైర్ రెండుసార్లు ఎగిరిపడి, ఒక రెక్క నేలను గీరుకుంటూ ఆగింది. తనూ దిగి వకుళ పరుగెత్తింది. ఇమ్మానుయేలు తొడుగులు విప్పేసి, గడ్డిలో కూర్చుని తన చేతులు చూసుకుంటున్నాడు.

"ముందే చెప్పొద్దూ?" అని అరిచింది.

"ఏడువందల సార్లు ఎగిరానక్కా. అవన్నీ ఎవరెగిరినట్టు?"

 పరాంకుశం మలుపుల అంకెలు చదువుతూ వస్తుంటే వకుళ చెయ్యెత్తి ఆపేసి, ఇమ్మానుయేలు పక్కన కూలబడింది.

"రేపు పొద్దున్నే రా. నేర్పిస్తా," అంది.

"ఎన్నాళ్లు పడుతుంది?"

"నాకు నాలుగేళ్లు పట్టింది."