బొంబాయికి గంటంపావు

ఈరన్న ఎమ్మిగనూరులో అడుగు పెట్టి చేసిన మొదటి పని, నేతగాడు అయ్యన్న పడుగును సైకిలుతో తెంపడం.

గంజి పెట్టి వీధి పొడవునా సాగదీసిన చీర నూలు అది. ఆదోని నుంచి నూలు మూటతో వచ్చినవాడు చూసుకోకుండా అందులోకి దూరాడు. అయ్యన్న కూతురు చౌడేశ్వరి తిట్టలేదు. తెగిన పోగులన్నీ ముడివేసేదాకా లేవనివ్వలేదు, అంతే. పొద్దుగుంకేసరికి అతని వేళ్ళు వాచాయి, మనసు చేజారింది. ఆ తర్వాత ప్రతి గురువారం నూలు తనే తీసుకుపోతానని ఆదోనిలో తను పనిచేసే దుకాణం యజమానిని బతిమాలుకున్నాడు. చౌడేశ్వరి గురువారాల్లో గంటసేపు తల దువ్వుకునేది. ఎందుకని అడిగితే పేలు పడ్డాయని చెప్పేది.

డెబ్బై ఎనిమిది వేసవిలో పెళ్ళిళ్ళు కుదిర్చే మాదన్న బొంబాయి సంబంధం తెచ్చాడు. కుర్రవాడు బట్టల మిల్లులో గుమాస్తా. చౌడేశ్వరి అవ్వ సిద్దమ్మది ఒకటే షరతు: మనవరాలిని గంటలో చేరుకునేంత దూరంలోనే ఇవ్వాలి. మాదన్న తడుముకోలేదు. హైదరాబాదు నుంచి బొంబాయికి విమానం గంటంపావేనని, ఆదోని బస్సుకూ దాదాపు అంతే పడుతుందని, కాబట్టి బొంబాయీ ఆదోనీ ఒకటేనని తేల్చేశాడు. రైలు సంగతి ఎత్తలేదు. విమానాన్ని ఆకాశంలో తప్ప చూడని అయ్యన్న, అప్పుడే దిగివచ్చినవాడిలా మీసం దువ్వాడు.

మాట ఖాయం చేసుకోవడానికి మాదన్న మళ్ళీ వచ్చింది గురువారమే. ఈరన్న గడపలో నిలబడి సంగతి విని, నెత్తిమీది మూట దించడం మరిచిపోయాడు. ఆ వాలకం చూసి చౌడేశ్వరికి ఒళ్ళు మండింది. ఇక తనే అడిగింది.

"మాదన్న మామా, ఆ ఇమానం యాడ ఎక్కల్ల?"

హైదరాబాదులో అన్నాడు మాదన్న. మరి అక్కడికెలా పోవాలంటే, కర్నూలుకు ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు అన్నాడు. ఆమె వేళ్ళు మడిచింది. కర్నూలుకు రెండున్నర గంటలు, బస్సు కోసం గంట, హైదరాబాదుకు ఆరు. రెండు చేతుల వేళ్ళూ అయిపోవచ్చాయి, విమానం ఇంకా లేవలేదు.

"మా అవ్వకు జరమొస్తే, నేనొచ్చే తలికి తగ్గిపోయి మగ్గం కాడ కూకోనుంటాది," అంది. "అదే ఆదోనికైతే గంట."

"ఆదోనిలో నీకెవరుండారే?" అన్నాడు అయ్యన్న.

చౌడేశ్వరి గడప వైపు చూసి తల దించుకుంది. ముగ్గురూ అటు తిరిగారు. మూట కింద ఈరన్నకు చెమటలు కారుతున్నాయి. వరస కలిసే ఇంటివాడే. ఆరు నెలలుగా ఒక్క గురువారమూ తప్పకుండా వచ్చింది నూలు మీద భక్తితో కాదని అయ్యన్నకు అప్పుడు తట్టింది.

"సైకిల్లో ఎంతసేపురా?"

"వచ్చేటప్పుడు గంటన్నర మామా. పోయేటప్పుడు మూడు గంటలు."

"దావ ఒకటే కదరా."

"దావ ఒకటే. పోబుద్ది కాదు."

అయ్యన్న నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. మాదన్న లేచి చెప్పులు వెతుక్కున్నాడు. సిద్దమ్మ మాత్రం పళ్ళు లేని నోటితో బాహాటంగానే నవ్వింది.

"పిల్లనిస్తాములేప్పా," అంది. "మొదలు ఆ మూట దించు."