ఎర్ర కన్ను చేప

పొద్దుపోయాక చేపల గోడ దగ్గర ఎవరూ నిలబడేవాళ్లు కాదు. పగలంతా దానికి ఆనుకుని కబుర్లాడినవాళ్లే, చీకటి పడితే చుట్టూ తిరిగి అవతలి మెట్లదారిన ఇళ్లకి పోయేవాళ్లు. ఎందుకంటారా? ఆ గోడ తట్టేది. లోపల్నించి.

టక్… టక్. రెండే దెబ్బలు. మళ్లీ చాలాసేపు ఏమీ వినపడేది కాదు.

నాకీ సంగతి చెప్పింది అక్కడి వాచ్‌మన్. వాడు కోతలరాయుడని కొందరంటారు, అననివ్వండి. ఈ ఒక్క సంగతి చెప్పేటప్పుడు మాత్రం వాడు ఒక్క మాట కూడా పెంచి చెప్పడు.

అగ్గిపెట్టెలు పేర్చినట్టు ఒకేలా ఉండే కాంక్రీటు బ్లాకుల కాలనీ అది. అన్నిటికంటే వెనక బ్లాకు కింద, స్తంభాల మధ్య పొడుగాటి గోడ, దాని నిండా నీలం పింగాణీ టైల్స్, ఆ నీలంలో చేపలు. చేపలంటే నిజానికి పిల్లల అరచేతులు. కాలనీ కొత్తలో ఒక బొమ్మలావిడ వచ్చి, అక్కడి పిల్లలందరిచేతా పచ్చిమట్టి మీద చేతులు అచ్చు వేయించింది. వేళ్లు తోక, బొటనవేలు రెక్క, మణికట్టు దగ్గర ఒక కన్ను. వాటిని బట్టీలో కాల్చి గోడకెక్కించారు.

ఎక్కించినవాడు టైల్స్ మేస్త్రీ. ఆయన కాపురమూ అక్కడే. ఆయన కూతుర్ని అందరూ పిట్ట అనేవాళ్లు. అన్ని చేపలకీ నల్ల కన్నైతే, ఆ పిల్ల పేచీ పెట్టి తన చేపకి ఎర్ర కన్ను పెట్టించుకుంది.

మేస్త్రీలు టైలు అతికించాక తాపీ పిడితో తట్టి చూస్తారు. వెనక సిమెంటు నిండితే గట్టిగా మోగుతుంది, ఖాళీ ఉంటే డొల్లగా మోగుతుంది. ఆయన రెండుసార్లు తడితే, పక్కన కూర్చున్న పిట్ట గరిటెతో రెండుసార్లు తట్టేది. తండ్రీకూతుళ్లకి అదో ఆట.

"నాన్నా, నా చేప ఎప్పటికీ ఊడిపోకూడదు."

"ప్రళయం వచ్చినా ఊడదే తల్లీ."

అన్నంత పనీ చేశాడు. మిగతావి మామూలుగా అతికించాడు. కూతురి టైలుకి మాత్రం వెనక గాట్లు పెట్టి, ఇసుక కలపని చిక్కటి సిమెంటు దట్టించాడు. ఆ వానాకాలమే పిట్ట జ్వరమొచ్చి పోయింది.

ఆ తర్వాతే గోడ తట్టడం మొదలైంది.

"అది పిలుస్తోందయ్యా," అనేది మేస్త్రీ భార్య. చాప తీసుకెళ్లి గోడ దగ్గరే కూర్చునేది.

ఆయన కసురుకునేవాడు. "పిలుపూ లేదు గిలుపూ లేదు. పడమటెండకి టైలు సాగుతుంది, రాత్రి చల్లబడితే ముడుచుకుంటుంది. డొల్లగా ఉన్నవన్నీ టక్కుమంటాయి. పిచ్చిదానా, పద ఇంటికి."

కాలనీ అంతటికీ ఇదే పాఠం. చెప్పీ చెప్పీ తనూ నమ్మాడు. ఆవిడ మాత్రం నమ్మలేదు. పోయేముందు మొగుడి చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది. "దాన్ని అక్కడ ఒక్కదాన్నీ వదిలెయ్యకు."

వదలనని మాటిచ్చాడు.

ఏళ్లు గడిచాక కాలనీ పాతబడిందని ఖాళీ చేయించారు. చేపల గోడని పదిలంగా ఊడదీసి ఇంకోచోట నిలబెడతామని ఆఫీసువాళ్లు చెబితే మేస్త్రీ నమ్మాడు. తీరా ఆఖరి సాయంత్రం వాచ్‌మన్ కబురు చేశాడు… పదిలమూ లేదు పాడూ లేదు, తెల్లారగానే కూల్చే మిషను వస్తోందని.

ముసలాయన సుత్తీ, ఉలీ, పాత తాపీ సంచిలో వేసుకుని చీకట్లో పడుతూ లేస్తూ వచ్చాడు.

"నేను గేటు దగ్గరే ఉంటా మేస్త్రీ గారూ," వాచ్‌మన్ గొంతు తగ్గించాడు. "ఆ గోడ దగ్గరికి మాత్రం రమ్మనకండి."

"టైల్స్ చప్పుడయ్యా అది."

"మీరు చెప్పారనే ఇన్నేళ్లూ ఇక్కడ పనిచేశా. అయినా… రాను."

మేస్త్రీ టార్చి నేల మీద పెట్టి ఎర్ర కన్ను వెతికాడు. చుట్టుపక్కల టైల్స్ తట్టి చూస్తే అన్నీ డొల్లే. ఉలి ఆనిస్తే చాలు, ఊడి చేతిలోకి వచ్చేస్తున్నాయి. ఎవరి పిల్లలవో ఆ చేతులన్నీ పగలకుండా నేల మీద పేర్చాడు.

పిట్ట టైలు మాత్రం కదల్లేదు. పైనుంచి కొట్టాడు, కిందనుంచి కొట్టాడు… ఊహూ. "నా పనితనం తగలెయ్య," అని తనని తనే తిట్టుకున్నాడు.

అప్పుడు వినపడింది.

టక్… టక్.

పక్క టైలేమో అనుకున్నాడు. పక్కవన్నీ కిందే ఉన్నాయి కదా. చుట్టుపక్కల మిగిలిందల్లా ఈ ఒక్కటే… దీని వెనక వెంట్రుక దూరే సందు కూడా లేదు.

తాపీ పిడితో రెండుసార్లు తట్టి, చెవి ఆనించాడు.

టక్… టక్.

"పిట్టా?"

గబగబా ఉలి ఆనించి కొట్టాడు. ఉలి జారింది. టైలు భళ్లున పగిలి, ఎర్ర కన్ను ఒకచోట, బొటనవేలు ఒకచోట పడ్డాయి.

ముసలాయన ముక్కలు ఏరుకుంటూ భోరుమన్నాడు. ఏడుస్తూనే టార్చి ఎత్తి ఆ ఖాళీలోకి చూశాడు.

సిమెంటులో ఒక అరచెయ్యి ఉంది… లోపల్నించి బయటికి నెడుతున్నట్టు, వేళ్లు చాపి, ఉబ్బెత్తుగా.

తను పెట్టిన గాట్ల అచ్చేమో అనుకున్నాడు. గాట్లకి వేలి కణుపులుంటాయా? తన చెయ్యి ఆనించి చూశాడు, తనది పెద్దది. పిట్ట వేలి ముక్క ఆనించాడు, అది మరీ చిన్నది. అది పెళ్లీడు దాటిన ఆడమనిషి చెయ్యి. పిట్ట బతికుంటే ఇప్పుడు అంతే ఉండేది.

"ఇన్నేళ్లూ తట్టింది నువ్వేనా తల్లీ," అన్నాడట. "నేను ఎండ అన్నానే… మీ అమ్మని పిచ్చిదన్నానే."

ఆ చేతి చుట్టూ ఉలితో తొలుస్తూనే ఉన్నాడు. తెల్లారింది, మిషను వచ్చింది.

"ఒక్క గంట ఆగు నాయనా. నా కూతురు లోపలుంది."

"పక్కకి రా పెద్దాయనా," అన్నాడు డ్రైవరు, పిచ్చివాడనుకుని. "నా చేతుల్లో ఏముంది?"

వాచ్‌మనే ఆయన్ని రెక్క పట్టుకుని ఇవతలికి లాగాడు. గోడ కూలింది. రాళ్లూ రప్పా లారీల్లో ఎటో పోయాయి.

మేస్త్రీ ఇప్పుడు ఒక అద్దె గదిలో ఉంటున్నాడు. ఎర్ర కన్ను ముక్క తలగడ పక్కనే ఉంటుంది. వాచ్‌మన్ అప్పుడప్పుడూ చూడ్డానికి వెళ్తాడు. పొద్దుపోయాక ముసలాయన లేచి గోడని రెండుసార్లు తడతాడట… చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి వింటాడట.

ఇంతవరకూ ఒక్క రాత్రి కూడా జవాబు రాలేదు.