ఎవరూ లేని వేళ సర్వర్ మోసిన బరువు

ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉన్న మా ఊలు పట్టణంలో డిసెంబర్ మధ్యాహ్నమంటే చీకటే. మా సర్వర్ల గది పాత కాగితం మిల్లులో ఉంటుంది. గోడల్లోంచి ఇంకా ఉడికిన చెక్క వాసన వస్తుంది. అది నాకిష్టమే. నచ్చనిదల్లా మా మేనేజర్ జార్మో నోరు.

"విర్పీ, ఆస్పత్రి సర్వర్ రోజూ చతికిలబడుతోంది నీ ప్రోగ్రాం వల్లే. కాదని ఈ సాయంత్రంలోగా చూపించు. లేదంటే వేరే ఉద్యోగం చూసుకో."

"చూపిస్తా. అప్పుడు నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావో అదీ చూస్తా," అన్నాను.

సర్వర్ ఏ వేళ ఎంత బరువు మోసిందో రోజూ నమోదు చేసే పనిముట్టు ఒకటుంది, సిస్‌స్టాట్. పోయిన నెల నేనే పెట్టాను. తెరవబోతూ నాలిక కరుచుకున్నాను. పెట్టినంత మాత్రాన అది పనిచేయదు, నమోదు మొదలుపెట్టమని విడిగా చెప్పాలి. మా వాళ్లలో ప్రతివాడూ ఒక్కసారైనా చేసే తప్పు ఇది. నేనూ చెప్పడం మరిచాను. లోపల ఖాళీగా ఉండాలి.

ఖాళీగా లేదు. నెలల తరబడి బరువు గీతలున్నాయి... నేను దాన్ని పెట్టకముందువి కూడా. నా ప్రోగ్రాం నడిచే తెల్లవారుజామున గీత చదునుగానే ఉంది. అందరం కాఫీకి లేచే వేళకు మాత్రం నిట్టనిలువుగా లేచింది. ఇక్కడ ఏ పనైనా ఆగుతుంది గానీ మధ్యాహ్నం కాఫీ ఆగదు. ఆ వేళ ఈ గదిలో పురుగు కూడా ఉండదు.

పిలిచి చూపిస్తే జార్మో నవ్వాడు. "ఆపేసి ఉన్నది ఎలా రాసింది? కట్టుకథ!"

"అయితే కాఫీ మానేసి కూర్చో. ఇద్దరం చూద్దాం."

ఆస్పత్రి పనంతా కొత్త సర్వర్‌కి మళ్లించాను. పాతదానికి ఇక చేయడానికేమీ లేదు. కారిడార్లో అడుగులు దూరమయ్యాయి. కప్పుల చప్పుడు... తర్వాత అదీ లేదు.

పాత సర్వర్ ఫ్యాన్ ఊళ పెట్టింది. కాలిన దుమ్ము వాసన. నా లాప్‌టాప్ తెర మీద గీత లేచింది.

"విర్పీ... ఆ సర్వర్ల వరస వెనక ఎవరో ఉన్నారు," జార్మో వేలు చూపించాడు.

భయం వేసింది. అంతకు మించి ఒళ్లు మండింది. "ఎవరైనా సరే, నీ పని నా నెత్తిన రుద్దితే ఊరుకోను!" అని అరిచి, కరెంటు తీగ పట్టి లాగేశాను.

ఫ్యాన్ ఆగింది. సర్వర్ దీపాలు ఆరాయి.

తెర మీద గీత ఆగలేదు. ఎక్కుతూనే ఉంది...

"లాప్‌టాప్ మూసెయ్... నీ తప్పు కాదు, ఒప్పుకుంటున్నా. మూసెయ్..." అన్నాడు జార్మో.

"గట్టిగా చెప్పు."

"నీ తప్పు కాదు!"

ఉద్యోగం దక్కింది. అయినా మూయలేదు. వంగి చూశాను. గీత ఇవాళ్టి తేదీ దాటింది. రేపు... ఎల్లుండి... శుక్రవారం దాకా పాకి, అక్కడ తెగిపోయింది. ఆ రోజు ఈ గదిలో ఒంటరిగా కాపలా ఉండాల్సిన వంతు నాది.

"వస్తాను," అన్నాను తెరతో.

తెగిన కొన కొంచెం కదిలింది.